అవ్వాతాతల నీరసం: పగటి తిండి, రాత్రి నిద్ర

మంచం మీద నుంచి లేవాలంటే చేతి ఊతం కావాలి. పక్క వీధి గుడికి కూడా పోవడం మానేశారు. రవికెలు వదులైపోయాయి. అనంతపురం, కడప, కర్నూలు ఊళ్లలో దీనికి అందరూ చెప్పే మాట ఒకటే: "వయసైపోయింది కదా." కానీ వయసు ఒక్కటే కారణం కాదు. డాక్టర్లు దీన్ని ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికా డాక్టర్ లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: ఏడాదిలో కారణం లేకుండా 4.5 కిలోలకు పైగా బరువు తగ్గడం, ఊరికే అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ, ఒకటి రెండు ఉంటే దాని ముందు దశ. కోలుకునే అవకాశం ఈ ముందు దశలోనే ఎక్కువ.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఎదమీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఒకరు నిలబడాలి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే.

మన పళ్లెం చూడండి. పొద్దున ఉగ్గాని, టీ. మధ్యాహ్నం అన్నం, చారు. రాత్రి సంగటి, ఇంత ఊరిబిండి. కడుపు నిండుతుంది, కండకు చాలదు. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 350 మి.గ్రా. దాకా. కండ కట్టే మాంసకృత్తులు (ప్రొటీన్) మాత్రం 7 గ్రాములే. "సంగటి తింటున్నాడు, బలానికేం తక్కువ" అనుకోవడంలోనే లెక్క తప్పుతోంది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల అవ్వకు 50-60 గ్రాములు. పైన చెప్పిన తిండితో అందులో సగం రావడం కూడా కష్టం. 30 గ్రాముల చెనిక్కాయలతో 7, గుడ్డుతో 6, 30 గ్రాముల ఉలవలతోనో కందిపప్పుతోనో 6-7, అరలీటరు పాలూ పెరుగుతో 15 గ్రాములు కలుస్తాయి. ఇవన్నీ రాత్రికే పెట్టొద్దు, పొద్దున ఉగ్గానితోనే గుడ్డు పెట్టండి. 50 కిలోల అవ్వకైతే ఒక్కో పూట 20 గ్రాముల దాకా అందితే ముసలి కండకు బాగా పనిచేస్తుంది. పళ్లు లేనివాళ్లకు ఉలవలు నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి మెదిపి పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగందే మాంసకృత్తులు పెంచొద్దు. షుగర్ ఉందని పూటలు మాన్పించడం ఇంకో పొరపాటు. షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని ఖాళీ కడుపుతో పడుకుంటే రాత్రి ఒంట్లో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి మెలకువ రావచ్చు.

ఎంత తిన్నా నిద్ర చెడితే ఆ తిండి కండకు పూర్తిగా పట్టదు. కండ నిలబడడానికి తోడ్పడే గ్రోత్ హార్మోన్ గాఢనిద్రలోనే ఎక్కువగా విడుదలవుతుంది. నిద్ర తక్కువైతే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్, పైకి కనిపించని లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెరిగి కండ కరుగుతుంది. తెల్లారి నీరసంతో మంచం దిగరు, కదలకపోతే ఆకలి వేయదు, తిండి ఇంకా తగ్గుతుంది. అందుకే ఈ రెంటినీ ఒకేసారి సరిచేయాలి.

ఏడున్నరకే పడుకుని రెండున్నరకు మెలకువ వచ్చిందని బాధపడేవాళ్లు చాలామంది. అప్పటికే ఏడు గంటలు అయిపోయాయి కదా! పడుకునే వేళను తొమ్మిదిన్నరకు జరపండి. మధ్యాహ్నం కునుకు అరగంటే, అదీ మూడులోపే. మూడు దాటాక టీ వద్దు. పొద్దున ఎండ ముదరకముందే అరగంట బయట నడవాలి.

మాటిమాటికీ ఒంటికి లేవడమే చాలామందికి నిద్ర చెడగొట్టేది. అలాగని నీళ్లు తగ్గిస్తే మన ఎండలకు కళ్లు తిరిగి పడిపోతారు. తాగాల్సిన నీళ్లన్నీ పగలే తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. కాళ్లవాపు ఉంటే పగలు కాళ్లలో దిగిన నీరు పడుకున్నాక మూత్రంగా వస్తుంది. సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టండి. రాత్రి వేసే బీపీ మాత్రలో మూత్రం పోయించే మందు ఉంటే దాన్ని పొద్దుటికి మార్చొచ్చేమో డాక్టరును అడగండి. ఎండాకాలం మిద్దె ఎక్కలేని వాళ్లకు ఇంట్లో గాలి ఆడే గది ఇవ్వండి.

గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నా, సరిగ్గా తింటున్నా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా చూపించాలి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తేవొద్దు. వాటి మత్తుకు రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి విరగొచ్చు. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.