మూడింట్లో మధ్యది

ఎన్.కె. జెమిసిన్ ‘బ్రోకెన్ ఎర్త్’ మూడు నవలల్లో మొదటిది, ‘ది ఫిఫ్త్ సీజన్’, నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. భూమి బద్దలై ఆకాశమంతా బూడిద కమ్మేస్తుంది. కొడుకును కొట్టి చంపి, కూతుర్ని వెంటబెట్టుకుని పోయిన మొగుడి కోసం ఎసున్ అనే తల్లి బయల్దేరుతుంది. చివర్లో చంద్రుడి ప్రస్తావన తెచ్చి ఠక్కున ఆపేస్తారు. ఆ లోకంలో చంద్రుడంటే ఏమిటో ఎవరికీ తెలియదు!

అంత ఊపులో ఉండి కూడా రెండోది, ‘ది ఒబెలిస్క్ గేట్’, వెంటనే పట్టుకోలేదు. పట్టుకునేసరికి సగం మర్చిపోయాను. ఒరొజీన్లంటే భూకంపాలను ఆపగలిగేవాళ్ళు, పుట్టించగలిగేవాళ్ళు అని గుర్తుంది. కానీ వాళ్ళను అదుపులో పెట్టే గార్డియన్లు ఎవరి పక్షం? రాళ్ళు తినే ఆ రాతి మనుషులకు ఏం కావాలి? పుస్తకం చివర పదకోశం ఉంది కాబట్టి బతికిపోయాను. మొదటి నవల మళ్ళీ చదవాలనిపించలేదు, ఆ మొదటి అధ్యాయం ఇంకోసారి నావల్ల కాదు.

అసలు ఇబ్బంది కాస్ట్రిమాలో మొదలైంది. అది భూమి లోపల, ఒక పెద్ద స్ఫటికాల గుహలో ఉన్న ఊరు. ఇల్లంత స్ఫటికాలను తొలిచి అందులోనే కాపురాలు. ఎసున్ వెతుకులాట అక్కడ ఆగిపోతుంది. ఇక మీటింగులే మీటింగులు. తిండి ఎన్నాళ్ళు వస్తుంది, మాంసం ఎక్కడి నుంచి తేవాలి, ఎవర్ని నమ్మాలి? కూతురి సంగతేంటమ్మా అని విసుగొచ్చి పక్కన పెట్టేశాను. మళ్ళీ తీసినప్పుడు పరుగు మానేసి నెమ్మదిగా చదివితే ఒక విషయం తట్టింది. ఆ ఊళ్ళో దీపాలు వెలగాలన్నా, గాలి ఆడాలన్నా ఒరొజీన్లు ఉండాలి. జనం భయపడేది, అసహ్యించుకునేది కూడా వాళ్ళనే. మీటింగుల్లో నలుగుతున్నది అదే పేచీ. అది అర్థమయ్యాక ఆ పేజీలు బరువనిపించలేదు.

అక్కడే ఒక మంచం మీద ఎసున్ పాత గురువు, ఒరొజీన్ అయిన అలబాస్టర్ కొంచెం కొంచెంగా రాయైపోతుంటాడు. రాయైన చేతిని పక్కనే ఉన్న రాతి మనిషి తినేస్తుంది. ఆ స్థితిలోనే అతను ఎసున్‌కు పాఠాలు చెబుతుంటాడు. పాఠాలు నాకు సగమే అర్థమయ్యాయి, ఆ చెయ్యి మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

నన్ను ఒడ్డెక్కించింది మాత్రం కూతురు నాసున్. మొదటి నవలంతా తల్లి వెతికే పిల్లగానే తెలిసిన ఈమెకు ఇక్కడ సొంత అధ్యాయాలున్నాయి. తమ్ముణ్ణి చంపిన నాన్నంటేనే ఆమెకు ప్రాణం. అమ్మంటే భయం, కోపం. ఎందుకంటే తల్లీకూతుళ్ళిద్దరూ ఒరొజీన్లే. ఆ శక్తిని వాడటం ఎసున్ తను నేర్చుకున్నట్టే, అంతే కఠినంగా, దొంగచాటుగా కూతురికి నేర్పింది. ఆ శక్తి వదిలిపోతుందన్న ఆశతో తండ్రి ఆమెను దక్షిణాన దూరంగా ఒక చోటికి తీసుకెళ్తాడు. అక్కడ ఎదురయ్యేది షాఫా! మొదటి నవలలో చిన్నపిల్ల చెయ్యి విరిచి క్రమశిక్షణ నేర్పిన గార్డియన్. ఇప్పుడు అతని జ్ఞాపకాలు చాలావరకు పోయాయి. నాసున్‌ను నిజంగానే ప్రేమగా చూస్తాడు. వాణ్ణి తిట్టుకుంటూనే, ఆ పిల్లకు కాస్త ఆప్యాయత దొరికింది కదా అని సంతోషపడ్డాను. రచయిత్రి మీద ఒళ్ళు మండింది కూడా.

చివర్లో కాస్ట్రిమా మీదికి సైన్యం వస్తుంది. యుద్ధం బాగుంది గానీ, అంతసేపు కూర్చోబెట్టి అంత త్వరగా ముగించాలా అనిపించింది. అయినా 2017లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు దీనికే వచ్చింది. 2016లో మొదటిదానికి, 2018లో మూడోదానికి కూడా ఇచ్చారు. వరసగా మూడేళ్ళు ఉత్తమ నవల అవార్డు అంతకుముందు ఎవరికీ రాలేదు.

మూడోది, ‘ది స్టోన్ స్కై’, ఆ రాత్రే తెరిచాను. తల్లీకూతుళ్ళు ఎప్పుడు కలుస్తారా అని మొదటి నవలంతా ఎదురుచూసినదాన్ని, ఇప్పుడు కలిస్తే ఏమవుతుందోనని టెన్షన్ పట్టుకుంది.