చదవని బడికి పూర్వ విద్యార్థి

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని ఫోన్ వచ్చినప్పుడు నేను అమెరికాలోని కాన్సస్ సిటీలో, నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం బయట ఉన్నాను. ఇంటికొచ్చి మన బడి గురించి రాద్దామని కూర్చుంటే, ఆ మ్యూజియంలోని మనిషే అడ్డం పడుతున్నాడు. ముందు ఆయన సంగతి చెప్పేస్తాను.

పేరు బక్ ఓనీల్, బేస్‌బాల్ ఆటగాడు. 1911లో ఫ్లోరిడాలో పుట్టాడు. తండ్రి సెలరీ తోటల్లో మేస్త్రీ, కొడుకు అక్కడే పెట్టెలు మోశాడు. పెరిగిన ఊళ్లో సరసోటా హైస్కూలు ఉంది, కానీ నల్లవాళ్ల పిల్లల్ని చేర్చుకోరు. జాక్సన్‌విల్ వెళ్లి చదువుకున్నాడు.

ఆటలోనూ అదే వరస. మేజర్ లీగుల్లో, అంటే బేస్‌బాల్ పై స్థాయి పోటీల్లో, నల్లవాళ్లకు చోటు లేదు. వాళ్ల లీగులు వేరు, అవే నీగ్రో లీగులు. 1938లో వాటిలోని కాన్సస్ సిటీ మోనార్క్స్ టీములో చేరాడు. ఫస్ట్ బేస్ ఆయన స్థానం. మధ్యలో యుద్ధం, నేవీ. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడితో మేజర్ లీగుల తలుపు తెరుచుకునేసరికి ఓనీల్‌కు 35 ఏళ్లు. మరుసటి ఏడాది నుంచి ఆడుతూనే మేనేజర్ అయ్యాడు. మేనేజర్ అంటే ఆఫీసు ఉద్యోగం అనుకునేరు, క్రికెట్లో హెడ్ కోచ్ లాంటిది. తర్వాత పెద్ద స్టార్ అయిన ఎర్నీ బ్యాంక్స్ ఆయన చేతికిందే ఆడి, మేజర్ లీగు టీము చికాగో కబ్స్‌కు వెళ్లాడు.

1962లో అదే కబ్స్ ఓనీల్‌ను కోచ్‌గా తీసుకుంది. మేజర్ లీగుల్లో మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. అయితే మ్యాచ్ జరిగేటప్పుడు ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ పక్కన నిలబడి పరుగెత్తేవాళ్లకు సైగలు చేసే కోచ్‌లుంటారు కదా, అక్కడికి మాత్రం ఆయన్ని పంపలేదు. బెంచీ మీదే ఉంచారు. మన వాలీబాల్ టీములో మూడేళ్లు ఎక్స్‌ట్రాగా కూర్చుని నీళ్ల బిందె మోసినవాణ్ణి కాబట్టి ఆ బెంచీ నాకు కొంచెం తెలుసు. నా ఆటకు అది తగిన చోటే. ఆయన ఆటకు కాదు.

2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితాకు, నీగ్రో లీగుల వాళ్లు 17 మందిని ఎంపిక చేశారు. అందులో ఓనీల్ పేరు లేదు. 94 ఏళ్ల వయసులో ఆయనే వెళ్లి ఆ 17 మంది తరఫున మాట్లాడాడు, జనమందరి చేతా పాట పాడించాడు. అక్టోబరులో పోయాడు. ఆయనకు చోటిచ్చింది 2022లో.

నాకు వీటన్నిటికన్నా 1995 ముఖ్యం. ఆ ఏడాది సరసోటా హైస్కూలు ఆయనకు గౌరవ డిప్లొమా ఇచ్చింది. అప్పటికి 80 దాటాయి. నేనైతే రానని బిగుసుకునేవాణ్ణేమో. ఆయన వెళ్లి తీసుకున్నాడు.

అసలు విషయానికొస్తాను. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు టెన్త్ పాసైనవాళ్ల లిస్టుతో తయారైంది. ఏడో తరగతిలో నా బెంచీ మీద నలుగురం. పదికి చేరింది నేనొక్కణ్ణే. ఒకడు మిరప తోటకు, ఒకడు లారీ క్లీనరుగా, ఇంకొకడు గొర్రెల వెంట. వాళ్లను ఎవరూ బడి నుంచి గెంటలేదు, నిజమే. ఆగమని అడిగినవాళ్లూ లేరు. సంక్రాంతి కలయికకు ఆహ్వానాలు ఇంకా ప్రింటుకు వెళ్లలేదని విన్నాను. ముగ్గురి పేర్లూ, ఇంటిపేర్లతో సహా, ఈ వ్యాసంతో పాటే పంపుతున్నాను.