4294967297ని కాగితం మీద విడగొట్టాను

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2కి 32వ ఘాతం వేసి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఘాతం 1, 2, 4, 8, 16 అయినప్పుడు వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి, ఆ వరుసలో తర్వాత వచ్చేవన్నీ కూడా ప్రధాన సంఖ్యలేనని గణిత శాస్త్రవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణిత శాస్త్రవేత్త ఈ 4294967297ని 641 భాగిస్తుందని చూపించాడు. జవాబు నాకు ముందే తెలుసు, కానీ కాలిక్యులేటర్ లేని మనిషి 641 దాకా ఎలా వచ్చి ఉంటాడో నా చేత్తో చేసి చూడాలనిపించింది.

వరసగా భాగించుకుంటూ పోతే పని తెమలదు. దీని వర్గమూలం 65536 పైచిలుకు, ఆ లోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. అసలు కిటుకు వేరే ఉంది: దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఎందుకంటే ఆ ప్రధాన సంఖ్యతో 2 ఘాతాల శేషాలు చూసుకుంటూ పోతే 32వ ఘాతం దగ్గర −1, 64వ ఘాతం దగ్గర మొదటిసారి 1 వస్తాయి, అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం (2కి ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతం వేసి, దానితోనే భాగిస్తే 1 మిగులుతుంది) ప్రకారమే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని 64 భాగించి తీరాలి. ఫెర్మా నమ్మకాన్ని పడగొట్టింది ఫెర్మా సిద్ధాంతమే! ఇది నాకు భలే నచ్చింది.

దాంతో 65, 129, 193... అని రాసుకుని ప్రధాన సంఖ్యలు కానివి కొట్టేస్తే 641 వరకు మిగిలేవి 193, 257, 449, 577, 641, అంతే.

పదంకెల భాగహారం కూడా అక్కర్లేదు. 2కి 8వ ఘాతం 256. దాన్ని వర్గం చేసి శేషం తీసుకోవాలి, ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చేసి, ఒకటి కలిపి శేషం చూడాలి. 193తో చివరికి 109 మిగిలింది, 257తో 2, 449తో 325, 577తో 288. ఇక 641: 65536లో 154 మిగిలింది, 154 వర్గం 23716, పక్కనే 641 × 37 వేస్తే 23717. ఒక్కటే తక్కువ! ఆ ఒకటి కలపగానే శేషం సున్నా. తెలిసిన జవాబే అయినా ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన కనిపించేసరికి ఒళ్ళు పులకరించింది.

భాగిస్తే 6700417 వచ్చింది. మరి ఇది ప్రధాన సంఖ్యేనా? ఇక్కడ గణిత శాస్త్రవేత్త లూకా 1878లో ఇచ్చిన మెరుగు పనికొచ్చింది, 4294967297ని భాగించే ప్రధాన సంఖ్యని 64 బదులు 128తో భాగించినా 1 మిగలాలట. వర్గమూలం 2588 దగ్గర ఆగుతుంది, 257 ముందే పోయింది, కాబట్టి చూడాల్సినవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ భాగించలేదు, 6700417 ప్రధాన సంఖ్యే.