ఆ ఆదరణతోనే

2024 సెప్టెంబరు 1, ఆదివారం. నెలలో మొదటి ఆదివారం మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన, ఉంటుంది కాబట్టి, ముందు రాత్రే తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నాను. తెల్లవారుజామున అమ్మ మంచం దిగబోతే కాళ్ళకు నీళ్ళు తగిలాయి. కాసేపటికే మోకాళ్ళ దాకా వచ్చేశాయి. విజయవాడ సింగ్‌నగర్‌లో మాది కింది వాటా. రెండు కుట్టుమిషన్లు, దసరాకని ముందుగానే ఇచ్చిపోయిన జాకెట్టు ముక్కలు, నాన్న బైబిలు, అన్నీ వదిలేసి అమ్మను పట్టుకుని మేడెక్కాను. పై వాటా అక్క అప్పటికే తలుపు తీసి నిలబడి ఉంది. పొడి చీరలు చేతిలో పెట్టింది. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే, "ముందు తినమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

ఆ వారం విజయవాడలో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒకవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోంది, ఇటువైపు బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళు మా వీధుల్లోకి వచ్చేశాయి. కరెంటు లేదు, పాలు లేవు, చుట్టూ నీళ్ళే గాని తాగడానికి చుక్క లేదు. పడవల్లో, డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు వచ్చేవి. రెండు గదుల్లో తొమ్మిది మందిమి. 7వ తేదీ వినాయక చవితికి కూడా మా వీధిలో నీళ్ళున్నాయి. అక్క పసుపు ముద్దతోనే గణపతిని చేసి, ఉన్న కొంచెం పిండితో నాలుగు ఉండ్రాళ్ళు చేసింది. పక్క గదిలో అమ్మా నేనూ ప్రార్థన చేసుకుంటుంటే, మాకు ఇబ్బంది కాకూడదని పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్ళిపోయింది.

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది సామాను పోవడం కాదు. అంతకుముందు ఏడాది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మేమందరం ఎప్పటిలాగే, కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దానపు కార్డులు తీసుకున్నాం. అంటే వరదకు ఎనిమిది నెలల ముందు. నాకు వచ్చింది యెషయా 43:2. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును, నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు." దాన్ని మిషను పైన గోడకు అంటించాను. నీళ్ళు తీశాక కిందికి వెళ్ళి చూస్తే, బురద గీత ఆ కార్డు అంటించిన చోటికి జానెడు పైన ఉంది. కార్డు లేదు. ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు. దేవుని మీద కోపం వచ్చిందని చెప్పడానికి ఇప్పుడు నాకు భయం లేదు, కీర్తనల్లో దావీదు కూడా ఆయనకు అలాగే మొరపెట్టుకున్నాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు కొందరు, "ఎక్కడో ఏదో లోపం ఉంది, చూసుకో" అన్నారు. ఇంకొందరు, "దేవుడు తనకిష్టమైనవాళ్ళనే పరీక్షిస్తాడు" అన్నారు. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు యేసు ప్రభువును అడిగిందీ ఇదే, ఎవరు పాపం చేశారు అని. వాడూ చేయలేదు, వాడి కన్నవాళ్ళూ చేయలేదు అన్నాడాయన. ఆ మాట విన్న తర్వాత కూడా మనం ఇంకా లెక్కలు వెతుకుతూనే ఉన్నాం. బుడమేరుకు గండ్లు పడటానికీ, వాగు దారి ఇరుకైపోవడానికీ మనుషుల చేతుల్లో ఉన్న కారణాలే ఉన్నాయి. నాకు ఒక పాఠం నేర్పడానికి దేవుడు ఊరిని ముంచాడని నేను నమ్మను. ఆ నీళ్ళలో ప్రాణాలు పోయినవాళ్ళూ ప్రార్థన చేసే ఉంటారు.

అక్టోబరులో స్త్రీల కూడికలో పాస్టరు అయ్యగారు, అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక, 2 కొరింథీయులకు 1వ అధ్యాయం చదివారు. "దేవుడు మమ్మును ఏ ఆదరణతో ఆదరించుచున్నాడో, ఆ ఆదరణతోనే యెట్టి శ్రమలలో ఉన్నవారినైనను ఆదరించుటకు శక్తిగలవారమగునట్లు, ఆయన మా శ్రమ అంతటిలో మమ్మును ఆదరించుచున్నాడు." ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం "ఆదరణ" దగ్గర ఆగిపోయాను. మన వాడుకలో ఓదార్పుకైతే మాటలు సరిపోతాయి. ఆదరించడం అంటే లోపలికి పిలవాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి, కంచం పెట్టాలి. అన్నీ పోయినవాళ్ళను "ఆదరించే దిక్కు లేదు" అంటాం. గ్రీకులో పౌలు వాడిన మాటలో కూడా పక్కకు పిలుచుకోవడం అనే అర్థం ఉంది. 3 నుంచి 7 వచనాల లోపల ఆ మాట రకరకాల రూపాల్లో పదిసార్లు వస్తుంది. యోహాను 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అన్నదీ ఆ ధాతువుతోనే. ఇదంతా రాసిన పౌలు సుఖంగా కూర్చుని రాయలేదు. ఆసియలో, అంటే అప్పటి ఒక రోమా రాష్ట్రంలో, వచ్చిన శ్రమలో ఇక బతుకుతామన్న నమ్మకమే లేకుండా కుంగిపోయామని అదే అధ్యాయంలో ఒప్పుకున్నాడు.

అప్పుడు నాకు పై వాటా తలుపు గుర్తొచ్చింది. యెషయా వాక్యం మళ్ళీ తీశాను. "దాటునప్పుడు" అని ఉంది. తోడై యుందును అనే మాట ముందుంది. "పొర్లిపారవు" దగ్గర నేను ఇప్పటికీ ఆగుతాను, దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. తోడు మాత్రం వచ్చింది, పొడి చీరతో, వేడి అన్నంతో. ప్రభువే నిన్ను మాకోసం అక్కడ నిలబెట్టాడని అక్కతో అంటే, "మా అమ్మ నేర్పిందిలే" అంటుంది. నాకు రెండూ నిజమే.

కింది వాటా ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలతో ఒక మిషను బాగుచేయించాను. జాకెట్టు ముక్కల బాకీ తీరడానికి ఇంకో ఏడాది పట్టింది.

మొన్న వేసవిలో మా సంఘంలో ఒక చెల్లెలి భర్తకు పక్షవాతం వచ్చి గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇదివరకైతే నేను నాలుగు బత్తాయిలు పట్టుకెళ్ళి, ఒక వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని. ఈసారి రెండు దుప్పట్లు, ఒక మగ్గు, ఫోను చార్జరు, క్యారేజీ నిండా పులిహోర సర్దుకుని వెళ్ళాను. ఏమేం కావాలో ఆమెను అడగాల్సిన పని రాలేదు. రెండు రాత్రులు వరండాలో ఆమె పక్కనే పడుకున్నాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును చూడవచ్చి, తర్వాత అతనిలోనే తప్పు వెతికిన స్నేహితులు కూడా, మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నంతసేపూ మంచివాళ్ళే.

రెండో రాత్రి ఆమె నా భుజం మీద తల పెట్టి, "మాకే ఎందుకు వదినా?" అంది. దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగి, క్యారేజీ మూత తీశాను. "ముందు తినమ్మా" అన్నాను. సగం తిని, మిగిలింది మూత పెట్టి, పక్క మంచం దగ్గర పొద్దుటినుంచీ ఏమీ తినకుండా కూర్చున్న ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.