అమ్యూజ్‌మెంట్ పార్కులో డ్రోన్ ఎగరేయడానికి అనుమతి: నా అనుభవం

గుంటూరులో మాది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్కూలు వార్షికోత్సవాలు తీస్తుంటాం. వేసవిలో ఒక టెన్త్ బ్యాచ్ వాళ్లు పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. వేదిక మంగళగిరి దాటాక హైవే పక్కనున్న ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు. "అందరం లాన్‌లో 1999 అంకెలా నిలబడతాం అన్నా. పైనుంచి డ్రోన్‌తో తియ్యాలి, వెనక జెయింట్ వీల్ తిరుగుతూ కనబడాలి" అన్నారు. అడ్వాన్సు తీసుకోకముందే వాళ్లకు ఒక మాట చెప్పాను: అనుమతులు వస్తేనే డ్రోన్, లేకపోతే క్రేన్ మీద కెమెరాతో సరిపెట్టుకుందాం అని.

నా వైపు కాగితాల సంగతి త్వరగానే తేలిపోయింది. నా డ్రోన్ బరువు 250 గ్రాములు దాటుతుంది, 2 కిలోల లోపే ఉంటుంది. అంటే మైక్రో కేటగిరీ. సరదాకి ఎగరేసుకునేవాళ్లకు ఈ కేటగిరీలో పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ, డబ్బులు తీసుకుని తీసేవాళ్లకు ఉండి తీరాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న ట్రైనింగ్ సంస్థలో నేర్చుకుని అది ఎప్పుడో తీసుకున్నాను. 18 ఏళ్లు నిండి, టెన్త్ పాసైతే చేరవచ్చు. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా ఉన్నాయి.

తర్వాత డిజిటల్ స్కై మ్యాప్ తెరిచాను. డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్ అది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడగొట్టాయి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపులో విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీని అడగాలి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వాన్ని. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చ 200 అడుగుల వరకే. విజయవాడలో పని ఒప్పుకున్నప్పుడల్లా గన్నవరం ఎయిర్‌పోర్టు ఎంత దూరమో ముందు చూసుకోవాల్సింది అందుకే. ఈ పార్కు గన్నవరానికి చాలా దూరం. మ్యాప్‌లో ఆకుపచ్చగానే ఉంది.

చాలామంది మా వీడియోగ్రాఫర్లు ఇక్కడే ఆగిపోతారు. మ్యాప్ ఆకుపచ్చగా ఉంటే ఇక ఎవరినీ అడగక్కర్లేదని అనుకుంటారు. ఆ రంగు ఆకాశం గురించి మాత్రమే చెబుతుంది. కింద ఎవరున్నారో, ఏ బట్టల్లో ఉన్నారో, ఏ రైడ్ తిరుగుతోందో దానికి తెలియదు. అమెరికాలో డిస్నీ పార్కుల మీద 2003 నుంచి చట్టమే అడ్డుపడుతోంది. చుట్టూ 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల మేర, 3,000 అడుగుల ఎత్తు వరకు విమానాలకే ఆంక్షలు. డ్రోన్ సంగతి చెప్పక్కర్లేదు. మన దగ్గర పార్కుల పేరు మీద అలాంటి వలయం గీయలేదు. కాబట్టి ఆ జాగ్రత్త పార్కు వాళ్లదీ, ఎగరేసేవాడిదీ అవుతుంది. నా మటుకు నేను దీన్ని చాలా గట్టిగా నమ్ముతాను.

పార్కు మేనేజరు ఒక మేడమ్. నా ఫైలు పక్కన పెట్టి, "ముందు మీ కెమెరాకి ఎంత దూరం కనబడుతుందో చూపించండి" అన్నారు. పార్కు ఇంకా తెరవలేదు. ఖాళీ లాన్ మధ్యలో నుంచి డ్రోన్‌ను 30 మీటర్ల ఎత్తుకు లేపి, కెమెరాను వేవ్ పూల్, అంటే అలలు లేపే ఈత కొలను వైపు తిప్పాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు గట్టు కడుగుతున్నారు. స్క్రీన్ మీద వాళ్ల ముఖాలు, ఒకావిడ నడుముకు చెక్కుకున్న కొంగు, చేతిలో చీపురు, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. మేడమ్ చాలాసేపు ఆ స్క్రీన్‌నే చూశారు. "మధ్యాహ్నం అక్కడ ఆడపిల్లలు తడి బట్టల్లో ఉంటారు బాబూ. వాళ్లు మా గేటు దాటి లోపలికి వచ్చారంటే మమ్మల్ని నమ్మి వచ్చినట్టే కదా" అన్నారు. నాకూ కూతురు ఉంది. ఆవిడ మాటకు ఎదురు చెప్పాలని నాకు అనిపించలేదు.

ఆ తర్వాత వాళ్ల సేఫ్టీ ఆఫీసరూ, నేనూ పార్కంతా నడిచాం. ఇనుప స్తంభాల పక్కన నిలబెడితే డ్రోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది, అందుకని టేకాఫ్ లాన్ నడిమధ్య నుంచే అని నిర్ణయించుకున్నాం. ఆయన ఇంకో మంచి ప్రశ్న వేశారు: "సిగ్నల్ తెగిపోతే ఏం చేస్తుందండీ?" అలాంటప్పుడు డ్రోన్ మనం ముందే పెట్టిన ఎత్తుకు లేచి, నేరుగా బయల్దేరిన చోటికి తిరిగొస్తుంది. ఆ ఎత్తు జెయింట్ వీల్ కంటే తక్కువ పెడితే తిరిగొచ్చే దారిలో వీల్‌కే తగలొచ్చు. వీల్ ఎత్తు ఆయన్నే అడిగి, దానికంటే బాగా ఎక్కువ పెట్టి ఆయనకు చూపించాను. చివరికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు: గేట్లు తెరవకముందే షూట్ అయిపోవాలి, లాన్ దాటి ఎగరకూడదు, వేవ్ పూల్ వైపు కెమెరా తిప్పకూడదు, ఆ సమయంలో వీల్ ఆపేసి ఉంటుంది, తీసిందంతా వెళ్లేముందు చూపించాలి.

వీల్ ఆపేస్తారనగానే బ్యాచ్ వాళ్లు డీలా పడ్డారు. "2024లో విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఎగరేశారు, మన ఒక్కదానికి ఇన్ని తిప్పలా?" అన్నాడొకాయన. అక్కడ డ్రోన్లు కృష్ణా నది మీద ఎగిరాయి, జనం ఒడ్డున ఉన్నారు, ఇక్కడ మీ నెత్తి మీదే ఎగరాలి అని చెబితే అర్థం చేసుకున్నారు.

పార్కు లెటరూ, నా కాగితాల కాపీలూ జతచేసి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాను. రైటర్ గారు స్టాంపు వేసి, "ఆ రోజు పొద్దున మళ్లీ మ్యాప్ చూసుకో. వీఐపీ మూమెంట్ ఉంటే మారిపోద్ది" అన్నారు. ఎగరేసే ముందు మ్యాప్ చూడాలని రూల్సులోనూ ఉంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నయినా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. సెక్రటేరియట్, మంత్రుల రాకపోకలు ఉన్న మా వైపు ఇది మామూలే. అన్నట్టే జరిగింది. అనుకున్న రోజు తెల్లవారుజామున చూస్తే ఆ ప్రాంతమంతా ఎర్రగా ఉంది. టెన్షన్ పడుతూ బ్యాచ్ వాళ్లకు ఫోన్ చేశాను. హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చినవాళ్లున్నారు, కొందరికి కోపం వచ్చింది కూడా. భోజనాలు, రైడ్లు ఆ రోజే కానిచ్చి, ఉండగలిగినవాళ్లు ఆ రాత్రికి ఆగారు.

మర్నాడు పొద్దున మ్యాప్ మళ్లీ ఆకుపచ్చగా కనబడింది. గాలి పెద్దగా లేదు. డ్రోన్‌ను సరిగ్గా నెత్తి మీద ఉంచకుండా లాన్ అంచుకు జరిపి, ఏటవాలుగా తీశాను. కొందరు వెళ్లిపోవడంతో చివరి తొమ్మిది తోక కాస్త పొట్టిదైంది. సూర్యుడు ఆగి ఉన్న వీల్ వెనక నుంచి రావడంతో దాని కమ్మీల నీడ లాన్ మీద పొడుగ్గా పడింది. తిరిగే వీల్ కోసం పట్టుబట్టినాయనే ఆ క్లిప్పు చూసి "ఇదే బాగుంది" అన్నాడు.

కార్డులో ఉన్నదంతా మేడమ్ లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. ఒకచోట ఫ్రేము మూలలో వేవ్ పూల్ గట్టు కనబడింది. అక్కడ ఎవరూ లేకపోయినా ఆ ముక్క తీసేయమన్నారు, ఆవిడ ముందే తీసేశాను. ఆ షరతుల కాగితాన్నే తర్వాత పార్కు వాళ్లు టైప్ చేయించి, డ్రోన్ అని అడిగిన ప్రతి వీడియోగ్రాఫరుకూ ముందు అదే చేతికిస్తున్నారు. తెనాలి నుంచి వెళ్లిన మా స్నేహితుడొకడు దాని మీద సంతకం పెట్టాకే బ్యాటరీ బయటికి తీశాడట.