మా అమ్మాయితో జింకల వేటకి

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం మొదలయ్యే, తుపాకీతో జింకల్ని వేటాడే 9 రోజుల సీజన్‌కి ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది. అడిగింది తనే. 1973 నుంచి పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ సేఫ్టీ (వేటలో జాగ్రత్తలు నేర్పే) కోర్సు తప్పనిసరి, ఇద్దరం కలిసే చదివాం. (ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. అందుకే మా అమ్మకి ఇదంతా ఇంకా మింగుడుపడలేదు.)

నారింజ రంగు జాకెట్లు వేసుకుని చలిలో గంటలు కూర్చున్నాం. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే పిల్ల అక్కడ గుసగుసగా ఎన్ని కబుర్లు చెప్పిందో!

కొమ్ముల జింక వచ్చింది. గురి చూసింది, తుపాకీ దించేసింది. "నాన్నా, వెనకాల రోడ్డుంది" అంది. గురికి అవతల ఏముందో చూడాలని కోర్సులో నేర్పుతారు. కానీ ఎదురుగా జింక నిలబడ్డాక పదిహేనేళ్ల పిల్లకి అది గుర్తుండటం... నాకు మాట రాలేదు. వచ్చే ఏడాదికి సెలవు ఇప్పుడే పెట్టేశాను.