చన్నపట్నం పక్కన కూర్చుని లక్కపిడతలు అమ్మడం

"ఇదు చన్నపట్టణద్దా?" అని లిఫ్టులో కింది ఫ్లోరు ఆంటీ అడిగారు, నా చేతిలో ఎడ్లబండి చూసి. కాదాంటీ, ఏటికొప్పాక, మా విశాఖ వైపు ఊరు అన్నాను. "ఓహ్" అని ఊరుకున్నారు. ఇంటికొచ్చాక మిగతా పెట్టెలు విప్పబుద్ధి కాలేదు.

ఆవిడ తప్పేం లేదు. బెంగళూరులో మైసూరు రోడ్డెక్కితే అరవై కిలోమీటర్లకే చన్నపట్నం. అక్కడా లేత్ మీద తిప్పి చేసే లక్కబొమ్మలే. కర్ర కూడా ఒకటే, మనం అంకుడు కర్ర అంటాం, వాళ్ళు ఆలె మర అంటారు. అలాంటి ఊరిని పక్కన పెట్టుకుని, వరాహ నది ఒడ్డు నుంచి బొమ్మలు తెప్పించి, కగ్గదాసపురలో డబుల్ బెడ్రూమ్ ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో అమ్ముతానంటే మా ఆయన ఒక్కటే మాటన్నారు. "సముద్రం ఒడ్డున ఉప్పుకొట్టు పెడతానంటున్నావు."

2022 ఆగస్టులో మొదలుపెట్టాను. పాప స్కూల్లో చేరింది, నేను మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరికేలా లేదు, దసరా కొలువులు దగ్గరపడుతున్నాయి. యలమంచిలిలో ఉండే మా పిన్ని కొడుకు బండి మీద ఏటికొప్పాక వెళ్ళి, 18,000 రూపాయల సరుకు కొని ట్రాన్స్‌పోర్టులో వేశాడు. వెబ్‌సైటు చేసుకోవడం నేననుకున్నంత కష్టం కాదు. రెడీమేడ్ షాపు టెంప్లేట్లు ఉన్నాయి, నెలకింత అని కట్టుకుంటే రెండు సాయంత్రాల పని. దాని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. నా కష్టాలన్నీ షాపు తెరిచాకే మొదలయ్యాయి.

మొదటి నెల మూడు వేలు పెట్టి ఒక యాప్‌లో ప్రకటనలు వేశాను. మంచి ఇంగ్లీషులో రాశాను, చేతివృత్తులు, పర్యావరణం, వారసత్వం అంటూ. 212 లైకులు వచ్చాయి. ఆర్డరు ఒకటి వచ్చింది. అది మా మేనత్త పెట్టింది.

రెండో నెలలో ఒక ఆదివారం మా పాప అరచేతిలో బొమ్మల వంటింటి సెట్టులోని బుల్లి తిరగలి పెట్టుకుని తిప్పుతోంది. పది సెకన్లు ఫోన్లో తీశాను. ఇంగ్లీషులో ఏదో రాయబోయి, విసుగొచ్చి, తెలుగులో కొట్టాను: "లక్కపిడతలు. గుర్తు లేకపోతే మీ అమ్మనడగండి." అంతే రాశాను. ఆ రాత్రికి చూసినవాళ్ళు నిజంగానే వాళ్ళమ్మల్ని అడిగారు. వీడియో వాట్సాప్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి ఎవరి ఫ్యామిలీ గ్రూపుల్లోకి వాళ్ళు. రెండు రోజుల్లో పదకొండు ఆర్డర్లు. మారతహళ్ళి, మున్నెకొళాల, వైట్‌ఫీల్డ్, రెండు హైదరాబాదు, ఒకటి పూణె. ఆర్డరు పెట్టింది పాతికేళ్ళ పిల్లలు, పెట్టించింది వాళ్ళ అమ్మలు. ఒకావిడయితే ఫోన్ చేసి, "మాకు అత్తిలి తీర్థంలో కొనిపెట్టేవాడమ్మా మా నాన్న, అందులో రోకలి ఉండేది, నీ సెట్టులో రోకలుందా?" అని అడిగారు. ఉందండీ అన్నాను. "అయితే రెండు పంపు" అన్నారు. ధర అడగలేదు.

అప్పటికి నాకర్థమైందేంటంటే, చన్నపట్నంతో నాకు పోటీయే లేదు. వాళ్ళ బొమ్మ బాగుంటుంది, మన బొమ్మా బాగుంటుంది, ఏది గొప్పో తేల్చే పని నాది కాదు. కానీ "లక్కపిడతలు" అన్న మాట దగ్గర ఆగే మనుషులు ఈ ఊళ్ళో లక్షల్లో ఉన్నారు, వాళ్ళకి ఆ మాట వేసి అమ్మేవాళ్ళు నాకు కనబడలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మాట తెలియనివాళ్ళు వెతికేది వేరే. సెర్చ్ పెట్టెలో వాళ్ళు కొట్టేది "వుడెన్ కిచెన్ సెట్", "గోలు డాల్స్", లేదంటే "రిటర్న్ గిఫ్ట్ ఫర్ గర్ల్స్". ఏటికొప్పాక అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, పీ ఒకటా రెండా అని నాకే అనుమానం వచ్చేది. అందుకని షాపులో వస్తువు పేరు ముందు వాళ్ళ మాటల్లో ఉంటుంది, వెనక మన మాట. వాట్సాప్‌లో, వీడియోల్లో అచ్చంగా మన మాటే. నేను కొన్నాళ్ళు రెండు చోట్లా ఒకే వాక్యం పెట్టి రెండు చోట్లా చెడ్డాను.

సైజు సంగతి ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే ఆ పదకొండులో ఒకటి తిరిగొచ్చింది. హైదరాబాదు ఆవిడ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నాను: "శాంపిల్ అందింది, థాంక్స్. అసలు సెట్టు ఎప్పుడొస్తుంది?"

వెటకారం కాదది, నిజంగానే అడిగారు. నా ఫోటోలో కుండ స్క్రీను నిండా ఉంది. పక్కన ఏమీ లేదు. ఆవిడ గిన్నెంత కుండ వస్తుందనుకున్నారు. కింద "ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు" అని రాశాను కానీ అది ఎవరు చదువుతారు, చదివినా మూడున్నర సెంటీమీటర్లంటే కళ్ళ ముందు ఏం కనబడుతుంది? డబ్బు వెనక్కిచ్చాను, రెండు వైపులా కొరియరు ఖర్చు నాదే. ఆ వారం అన్ని ఫోటోలూ మళ్ళీ తీశాను. పొద్దున్న ఎనిమిదింటికి మా బాల్కనీలో పడే వెలుతురులో, కడప రాయి మీద, ప్రతి బొమ్మ పక్కనా పది రూపాయల బిళ్ళ. ఆ బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు, అది తెలియక్కర్లేదు, దాన్ని చేత్తో పట్టుకోని వాళ్ళు లేరు కదా. రెండో ఫోటోలో పాప చెయ్యి. ఆ తర్వాత సైజు గురించి గొడవ పడినవాళ్ళు లేరు. "అబ్బ ఇంత చిన్నవా, ముద్దొస్తున్నాయి" అని కొన్నవాళ్ళున్నారు. దాచినప్పుడు లోపమైంది, చూపిస్తే అదే బేరమైంది.

సరుకు చేసే బాబాయిని ఫోన్లో కొలతలడిగితే నవ్వాడు. "ఏటమ్మా, బొమ్మని స్కేలెట్టి కొలుస్తారేటి? సేతికొచ్చినంత." నిజమే. లేత్ తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించి, ఆ రాపిడి వేడికి కరిగిన లక్కని మొగలి ఆకుతో నున్నగా తీసే మనిషికి ప్రతి కుండా ఒకేలా రావాలన్న పట్టింపు ఎందుకుంటుంది? అందుకని "కొలతలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి" అని నేనే రాస్తాను.

రంగుల గురించి తల్లులు తప్పకుండా అడుగుతారు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే పర్లేదా అని. ఏటికొప్పాకలో పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటితో రంగులు తీయడం మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, 2017లోనే వచ్చింది. ఇవి రెండూ పేజీలో రాస్తాను. కానీ ఊళ్ళో ప్రతి బొమ్మకీ అవే రంగులని మాత్రం రాయను, నేను కొనే ఇంట్లో ఏం వాడారో ఆ మూటమూటకీ అడిగి అంతవరకే రాస్తాను. ఇంకోటి, పిడతల మూతలు గోరంత ఉంటాయి. మూడేళ్ళ లోపు పిల్లలకు వద్దని పెద్దక్షరాల్లో పెట్టాను. దానివల్ల కొన్ని అమ్మకాలు పోతాయి, పోనీ.

కాగితాల సంగతి గబగబా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ప్రభుత్వ సైటులో ఉచితం, డబ్బులడిగే నకిలీ సైట్లు బోలెడున్నాయి, చూసుకోండి. బయటి రాష్ట్రాలకు పంపుతాను కాబట్టి జీఎస్టీ తీసుకున్నాను, దానికి మా ఓనరుగారి ఒప్పుకోలు కాగితం, కరెంటు బిల్లు కావాల్సి వచ్చాయి. "కమర్షియల్ మీటరు వేసేస్తారేమో" అని ఆయన మూడు వారాలు తిప్పారు. చివరికి ఆయన మనవరాలికి ఒక బొంగరం ఇస్తే సంతకం పెట్టారు, దీన్ని లంచం అంటారో లేదో నాకు తెలీదు. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, చేతివృత్తి కార్మికులుగా నమోదైనవాళ్ళు తామే చేసి అమ్ముకునే వాటికి మినహాయింపు. మధ్యలో ఉండే మనలాంటివాళ్ళు ఎక్కడ నిలబడతారో సరుకు కొనకముందే ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. నేను కొన్నాక తేల్చుకున్నాను, ఆ నెల నిద్ర లేదు.

అసలు దెబ్బ తగిలింది పెట్టెల దగ్గర. ఎడ్లబండి 850 రూపాయలకు పెట్టాను, బరువు 650 గ్రాములు. కొరియరుకి 70 తీసుకున్నాను. నెలాఖరు బిల్లులో ఒక్కో బండికీ రెండు వందల పైన కోసేశారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరిచాను. ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు, "మేడమ్, మీ పెట్టె పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 20. మూడూ గుణించండి, 12,000. దాన్ని 5,000తో భాగించండి. 2.4. మీ పార్సిల్ బరువు రెండు కిలోల నాలుగొందల గ్రాములు." బొమ్మ బరువు కాదు, పెట్టె ఆక్రమించే చోటుకి బరువు కట్టడం. వాల్యుమెట్రిక్ అంటారు, చాలాచోట్ల ఇలాంటి లెక్కేనట. నేను గాలికి డబ్బు కడుతున్నానన్నమాట, అదీ నా బండి లాభం మొత్తం పెట్టి.

మర్నాడే మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి చిక్‌పేటలో దిగాను. సుల్తాన్‌పేట సందుల్లో అట్టపెట్టెల కొట్లు తిరిగాను. రెడీమేడ్ సైజులేవీ బండికి సరిపోలేదు. చివరికి ఒక కొట్టాయన, తెలుగాయనే, హిందూపురం, "చక్రాలు ఊడొస్తాయా అమ్మా?" అని అడిగాడు. ఊడొస్తాయి, మేకు లేకుండా బిగించినవే. "మరి ఊడదీసి పంపరాదా?" అన్నాడు. రెండున్నరేళ్ళ నా వ్యాపారంలో ఎవరూ ఇవ్వనంత సలహా అది. ఇప్పుడు బండి చక్రాలు విడిగా కాగితంలో చుట్టి, 24, 15, 10 పెట్టెలో పంపుతాను. 720 గ్రాముల లెక్కకొచ్చింది. చక్రాలు బిగించే వీడియో లింకు లోపల చీటీ మీద ఉంటుంది. పిల్లలకి ఆ బిగించడమే ఆట అయిందని ఇద్దరు ముగ్గురు రాశారు. యాభై పెట్టెలు తాడేసి కట్టుకుని తిరుగు మెట్రోలో వచ్చాను, సెక్యూరిటీ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

సీలు వేశాక ప్రతి కొత్త రకం పెట్టెనీ మా మెట్ల మీంచి మూడుసార్లు వదులుతాను. లోపల గలగలమంటే మళ్ళీ విప్పడమే. మా ఆయనకి ఇది వినోదం.

అదే చీటీ మీద ఇంకో వాక్యం ఉంటుంది: "ఈ నంబరు సేవ్ చేసుకోండి, సంక్రాంతి కొలువు బొమ్మలు వచ్చినప్పుడు చెప్తాం." మర్యాదకి రాసింది కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అవతలివాళ్ళు మన నంబరు సేవ్ చేసుకుంటేనే చేరుతుంది, ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. నాకు ఇప్పుడు రెండు లిస్టులున్నాయి. కన్నడ, తమిళ ఇళ్ళకి దసరా ముందు ఒకటి, సంక్రాంతికి కొలువు పెట్టే మన కోస్తా ఇళ్ళకి డిసెంబరులో ఇంకోటి. ఏడాదికి నాలుగైదు మెసేజులు మించి పంపను. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పంపే కొట్లని నేనే బ్లాక్ చేస్తాను మరి.

2025 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలే. నేను దోసెలు పోస్తున్నాను, ఫోను ఆగకుండా మోగుతోంది. ఆ శకటానికి మూడో స్థానం కూడా వచ్చింది తర్వాత. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు. నా దగ్గర సంక్రాంతికి అమ్ముడుపోగా మిగిలినవి నాలుగు బొంగరాలు, ఒక పల్లకి. శకటం ఏదో పేపర్లలో ముందే వచ్చింది, నేను చూడలేదు. బాబాయికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు అందరూ అడుగుతున్నారమ్మా, నెలాగాల" అన్నాడు. ఆగాను. కొనేవాళ్ళు ఆగలేదు.

విరిగి తిరిగొచ్చిన సెట్లలో మిగిలిన ముక్కలు ఒక బోర్న్‌విటా డబ్బాలో వేస్తూ వచ్చాను. ఎక్కువగా మూతలు. మొదట్లో పారేద్దామనుకున్నాను. ఒకసారి ఒకావిడ "కుండ మూత సోఫా కింద పోయింది, విడిగా అమ్ముతారా" అని అడిగితే, కవర్లో పెట్టి ఊరికే పంపాను. అప్పటి నుంచి అది ఎలా పాకిందో, నెలకి ఒకరిద్దరు మూతలడుగుతారు. అడిగినవాళ్ళలో చాలామంది తర్వాత ఏదో ఒకటి కొంటున్నారు కూడా, కాబట్టి ఇది దానధర్మమని చెప్పుకోను.

నిన్న రాజాజీనగర్ నుంచి ఒకాయన రాశారు, మనవరాలి చెంబుకి ఆకుపచ్చ మూత కావాలని. డబ్బా మొత్తం మంచం మీద బోర్లించాను. ఎరుపు తొమ్మిది, పసుపు ఆరు, నీలం రెండు. ఆకుపచ్చ లేదు. పసుపుది పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీసి, ఇది పర్లేదా అండీ అని పంపాను. రెండు టిక్కులు నీలమయ్యాయి. మనవరాలు స్కూలు నుంచి రావాలిట.